చివర నిలబడ్డ ఆవులు

ఆ పశుక్షేత్రంలో అందరూ ఆమెను రాట్నమక్క అంటారు. కూర్చున్న చోట కూర్చోదు. తింటూ తింటూ లేచి తలుపు గడియ చూసివస్తుంది, మాట్లాడుతూనే చీపురు అందుకుంటుంది. పెళ్లయిన కొత్తలో భర్త, "నీకు కుర్చీ కొనడం దండగే" అన్నాడు. ఇప్పటికీ కొనలేదు.

ఆమె కుదురుగా ఉండేది ఒక్కచోటే, ఆవు వెనక. భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, ఎడమచెయ్యి లోపలికి పోనిచ్చి, కళ్లు మూసుకుని గర్భసంచిని తడిమి, కడుపుతో ఉందో లేదో చెబుతుంది. ఆమె చూడి అంటే చూడి, ఒట్టిది అంటే ఒట్టిది. పందొమ్మిదేళ్లుగా ఆ మాటకు తిరుగులేదు. గర్భం కోసం మూడుసార్లు సూది వేయించినా చూడి కట్టని ఆవును మేనేజరు ఉంచడు, అమ్మేస్తాడు.

ఆ ఉదయం నలభైరెండింటిని చూసింది. ఎప్పటిలాగే సంకరజాతి ఆవులు ముందు, నాటువి చివర. సంకరజాతివి ఎండకు ఆగలేక రొప్పుతాయి. నాటువి ఎంతసేపైనా నిలబడతాయి. చివరి పన్నెండూ నాటువే. వాటిలో ఏడు ఒట్టివని చెప్పేసింది. మధ్యాహ్నం మూడింటికి లారీ వస్తుంది.

ఇంటికొచ్చి గిన్నెలు తోమడానికి వేడినీళ్లలో చేతులు పెట్టింది. కుడిచెయ్యి చటుక్కున వెనక్కి వచ్చింది. ఎడమది రాలేదు.

"ఏమే, చెయ్యి ఉడకేస్తున్నావా?" భర్త పరుగున వచ్చి బయటికి లాగాడు. "ఎర్రగా కందిపోయింది, తెలీట్లేదా?"

"ముప్పై ఆవులు దాటితే మొద్దుబారుతుందిలే. ఎప్పుడూ ఉండేదే. సాయంత్రానికి సర్దుకుంటుంది."

అన్నాక ఆ మాట తనకే గుచ్చుకుంది. గిన్నెలు వదిలేసి వంటింటికీ వాకిలికీ మధ్య తిరగసాగింది.

"కాస్త కూర్చోవే, నేల అరిగిపోతుంది."

"ముప్పై తర్వాతవన్నీ నాటువేగా!"

"అయితే?"

"అయితే ఏవిటయ్యా! చెయ్యి లేకుండా చెయ్యి పెట్టాను."

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తింది. అప్పటికే నాలుగు ఆవులు లారీ ఎక్కేశాయి.

"సార్, ఏడింటినీ దింపించండి. మళ్లీ చూడాలి."

మేనేజరు కళ్లద్దాలు పైకి తోశాడు. "పొద్దున చూసింది నువ్వు కాదామ్మా? నీ కవల చెల్లెలా?"

"నేనే. అందుకే దింపమంటున్నా."

"ఎక్కించడానికే నా నడుం విరిగిందక్కా," అని మూలిగాడు డ్రైవరు. "దింపితే నన్ను కూడా ఎవరైనా మోసుకుపోవాలి."

ఈసారి కుడిచేతికి తొడుగు వేసుకుంది. అలవాటు లేని చెయ్యి, దారి వెతుక్కుంటూ పోయింది. మొదటిది ఒట్టిదే. రెండోదీ అంతే. మేనేజరు గడియారం చూసుకున్నాడు. మూడోది విరిగిన కొమ్ము నల్లావు. వేళ్ల కింద నీళ్లు నింపిన బుడగలాంటిది మెత్తగా కదిలింది.

"చూడి," అంది. "మూడో నెల."

ఆరోది కూడా చూడే. మిగతా అయిదూ ఒట్టివని చెప్పింది.

మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాటువి సరిగా చూడి కట్టవని ఏటా పైవాళ్లకి రాస్తున్నాం కదమ్మా," అన్నాడు. "మరి పోయినేడు పంపినవి?"

ఆమె తొడుగు తీసి చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. "ఇకనుంచి రెండు రోజులు పెట్టండి సార్. నాటువాటికి వేరే రోజు, తెల్లారగానే."

"చూద్దాం."

"చూద్దాం కాదు, పెట్టండి."

అయిదు ఆవులతో లారీ కదిలింది. అప్పుడే ఎడమచేతి వేళ్లలో చీమలు పాకినట్టయింది. స్పర్శ తిరిగొస్తోంది. నాలుగోది... దాన్ని కుడిచెయ్యి సరిగా అందుకుందా? లోతుగా ఉందని తొందరపడి వదిలేసిందా?

"ఆపు బాబూ, ఒక్కదాన్నే!" అని అరుస్తూ, ఎడమచేతికి కొత్త తొడుగు ఎక్కించుకుంటూ లారీ వెనక పరుగెత్తింది.