మెల్లకన్ను సింహమూ, ఏడున్నర బస్సూ

ఆ రోజుల్లో నాకు కుదురు అనేది ఉండేది కాదు. ఇప్పుడుందా అని మీరడుగుతారు. ఆ సంగతి చివర్లో తేలుతుంది, కాస్త ఓపిక పట్టండి. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది, నోరు మూసుకుంటే లోపల ఏదో ఉడుకుతున్నట్టుండి మూత తీసేవాణ్ణి. తీసిన ప్రతిసారీ ఒక కోత బయటికొచ్చేది. నంద్యాలలో మా వీధివాళ్ళు నా మాటలో సగం తీసేసి, మిగిలిన సగంలో మళ్ళీ సగం తీసేసి నమ్మేవాళ్ళు. (మా అమ్మ ఆ కాస్త కూడా నమ్మేది కాదు.) ఇరవై రెండేళ్ళు నిండేసరికి మూడు ఉద్యోగాలు మారాను. 'మారాను' అన్నది నా మాట. 'పీకినారు' అన్నది మా నాయన మాట. నాలుగోది ఆళ్ళగడ్డలో శిల్పాలు చెక్కించే పెద్దాచారి దగ్గర. వచ్చినవాళ్ళతో మాట్లాడడం, కొలతలు రాసుకోవడం నా పని. మా నాయనకు నంద్యాల బస్టాండు ఎదురుగా సైకిల్ షాపు. ఎవరి కాళ్ళూ పట్టుకోని మనిషి, నా కోసం పెద్దాచారిని రెండుసార్లు పోయి బతిమాలాడు. "ఇది గూడా పోయిందనుకో, బనగానపల్లెలో మీ మామ మామిడికాయల మండీలో గంపలకు గడ్డి పరచను పోతావు, చూసుకో" అన్నాడు. మా మామ తాను మాట్లాడడు, ఎదుటివాడు మాట్లాడితే ఓర్చుకోడు. ఆయన దగ్గర నేను నాలుగు దినాలుంటే పగిలిపోయి చచ్చేవాణ్ణి.

పొద్దున ఏడున్నరకు నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు బయల్దేరే పల్లెవెలుగు బస్సులో ముందు మూడు వరుసలు రోజూ పోయివచ్చే మా జట్టువి. జట్టుకు పెద్ద టీచరమ్మ. బడిలో పిల్లలనూ, ఆదివారం చర్చిలో పాటగాళ్ళనూ ఒకే చూపుతో అదుపులో పెట్టే మనిషి. ఆమె వెనక సీట్లో షావుకారు. ఆళ్ళగడ్డలో కిరాణా అంగడి, జేబులో మా బస్సుకంతా ఒకే ఒక్క సెల్‌ఫోను. ఇక కండక్టరు, మేమందరం టికెట్టన్న అని పిలిచేవాళ్ళం. నన్ను వాళ్ళు బడాయప్ప అనేవాళ్ళు. ఎందుకో చెప్పనక్కర్లేదు.

టీచరమ్మ ఎక్కడో ట్రైనింగుకు పోయి ఒక ఆట నేర్చుకొచ్చింది. ఒకరు ఒక వింత సంగతి చెబుతారు. అది ఎందుకు జరిగిందో మిగతావాళ్ళు ప్రశ్నలడిగి కనుక్కోవాలి. చెప్పినవాడు మాత్రం మూడే మాటలు వాడాలి: అవును, కాదు, సంబంధం లేదు. ఆమె మొదటి రోజు చెప్పింది ఇది: "ఒకాయన వాన కురిసినంతసేపు గొడుగు మూసి చంకలో పెట్టుకొని తడిసినాడు. వాన నిలిచినాక గొడుగు తెరిచినాడు. ఎందుకు?" గొడుగు చిరిగిందా, కాదు. గొడుగు ఆయనది కాదా, సంబంధం లేదు. ఆయనకు పిచ్చా, కాదు. శిరివెళ్ళ దాటినా తెగలేదు. చివరికి టికెట్టన్న విసిగిపోయి, "గొడుగు లోపల ఏమన్నా ఉందామ్మా?" అన్నాడు. "అవును" అంది. కోడిపిల్లలు! గొడుగు మడతల్లో కోడిపిల్లల్ని పెట్టుకొని నడిచాడట పాపం. బస్సంతా చప్పట్లు. డ్రైవరు కూడా హారన్ కొట్టాడు.

ఆ ఆటకు టీచరమ్మ పెట్టిన కట్టడి ఒక్కటే. "బయట ఎన్ని కోతలైనా కోసుకోండి. ఆటలో మాత్రం అబద్ధం చెప్పగూడదు. చెప్పినోళ్ళు రేపట్నుంచి చివరి సీటుకు పోవాల." అందరూ నావైపే చూశారు. నేను కూడా నావైపే చూసుకున్నాను. కానీ మీరు నమ్మండి (సగంలో సగమైనా నమ్మండి), ఆ ఆటలో నేను ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. చివరి సీటు భయంతో కాదు. నేను 'అవును' అంటే అవుననీ, 'కాదు' అంటే కాదనీ నలుగురు మనుషులు నమ్మే చోటు నాకు ఈ భూమ్మీద ఆ బస్సొక్కటే. దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలేదు.

ఇక సింహాల సంగతి. ఉయ్యాలవాడ పక్క పల్లె నుంచి ఒక రైతు కొత్తింటి వాకిలికి రెండు సింహాలు చేయించుకున్నాడు. వాటిలో ఎడమ సింహానికి కొత్త పనివాడి ఉలి జారి ఒక కనుగుడ్డు ముక్కు పక్కకు పోయింది. తీసుకుపోయే దినం రైతు చూసి, "ఏందప్పా ఇది, మెల్లకన్ను?" అన్నాడు. పెద్దాచారి లోపలున్నాడు. నేను ఊరుకోవచ్చు. పిలుస్తానుండమనొచ్చు. నా నోరు ఊరుకుంటుందా? "శాస్త్రమన్నా ఇది. ఎడమ సింహం ఒక కన్ను వీధి మీద, ఒక కన్ను ఇంటి మీద పెట్టాల. దొంగ బయట్నుంచే రాడు గదా!" అన్నాను. రైతు రెండు చేతులెత్తి దండం పెట్టి సింహాలను ట్రాక్టరెక్కించుకు పోయాడు. సోమవారానికి ఆయన బంధువులు ముగ్గురు దిగారు. ముగ్గురికీ మెల్లకన్ను సింహాలే కావాలట. పెద్దాచారికి అప్పుడు తెలిసింది. అరవలేదు, కొట్టలేదు. చేతిలో సుత్తి కింద పెట్టి, "నా తాత చెక్కినాడు, నా నాయన చెక్కినాడు, ఎవురూ మెల్లకన్ను పెట్టలే. నువ్వు రాయి ముట్టకుండానే మా పనికి మెల్ల పెట్టినావు. పో నాయనా" అన్నాడు.

ఇంట్లో ఎలా చెప్పను? మంగళవారం అమ్మ క్యారియర్ చేతికిచ్చింది, తీసుకొని ఏడున్నర బస్సెక్కాను. బుధవారమూ అంతే. ఆళ్ళగడ్డ బస్టాండులో ఈ బెంచీ మీద కాసేపు, ఆ బెంచీ మీద కాసేపు. గోడ మీది టైముల బోర్డు మొత్తం నోటికొచ్చేసింది. సాయంత్రం బస్సు దాకా పగలు ఎంత పొడుగుంటుందో పని ఉన్నవాడికి తెలియదు. గురువారం పొద్దున ఆటలో నా వంతు వచ్చింది. అంత కోతలరాయుణ్ణి, నా బుర్రలో ఒక్క కథ లేదు. ఉన్నది ఒకటే, అదే బయటికొచ్చింది.

"ఒకాయన రోజూ పొద్దున నంద్యాలలో బస్సెక్కి ఆళ్ళగడ్డలో దిగుతాడు. ఆడ ఆయనకు ఏ పనీ లేదు. సాయంత్రం అదే బస్సుకు తిరిగొస్తాడు. ఎందుకు?"

అన్నాకగానీ ఏమన్నానో నాకు తెలియలేదు. పోనీలే, వైద్యుడు ఈ రోడ్డు గతుకుల్లో కుదుపులు తింటే అరుగుదల బాగుంటుందన్నాడని ఏదో జవాబు తర్వాత అతికిద్దామనుకున్నాను. కానీ ప్రశ్నలకు జవాబులు నా లోపలున్న మనిషే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆడమనిషి కోసరమా?" అన్నాడు షావుకారు. ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే.

"కాదు."

"పాసు తీసుకున్న్యాడు, వృథా కాగూడదని తిరుగుతాండాడా?" టికెట్టన్న.

"కాదు."

"చేతిలో అన్నం క్యారియర్ ఉంటుందా?" అంది టీచరమ్మ.

నా ఒళ్ళో క్యారియర్ ఉన్నట్టుండి మణుగు బరువైంది. "అవును" అని, దాన్ని మెల్లగా కింద పెట్టి సీటు కిందికి కాలితో తోశాను. అది గణగణమంటూ డ్రైవరు దాకా దొర్లింది.

"ఆయన ఊరకే తిరుగుతాండేది ఇంట్లోవాళ్ళకు తెలుసా?" షావుకారు.

"కాదు."

ఆళ్ళగడ్డ వచ్చింది. "సాయంత్రం తేలుస్తా బడాయప్పా, ఇది నాకు పట్టుకుంది" అంటూ షావుకారు దిగాడు. ఆయన పట్టుకున్నది ఆయన దగ్గరే ఉంటే బాగుండు. అంగడికొచ్చిన ప్రతివాడికీ చింతపండుతోపాటు ఆ ప్రశ్న కూడా పొట్లం కట్టి పంపాడు. మధ్యాహ్నం నేను బస్టాండు టీకొట్టు దగ్గరికి పోయేసరికి నలుగురు దాని మీదే కొట్లాడుకుంటున్నారు. "పనిలేకుండా రోజూ వచ్చి ఊరకే పోతాడంటే ఇంగెవురప్పా, గవర్నమెంటు రహస్యం మనిషే!" అని ఒకాయన తేల్చాడు. తేల్చి తల తిప్పాడు. మూడు దినాలుగా ఆ బెంచీలన్నీ మార్చి మార్చి కూర్చున్న నేను కనిపించాను. ఒక గ్లాసు టీ దానంతటదే నా ముందుకొచ్చింది. "సార్, కొంచెం రాసుకోండి. మా వీధి కొళాయికి నాలుగు దినాల్నుంచి నీళ్ళు ల్యా" అన్నాడు టీకొట్టాయన గొంతు తగ్గించి. నేను కాదని చెప్పొచ్చు. కానీ అది ఆట కాదు కదా. జేబులోంచి కొలతల పుస్తకం తీసి రాసుకున్నాను. (ఆ కొళాయికి మరుసటి వారం నీళ్ళొచ్చాయని విన్నాను. నా వల్లేనని ఆ వీధివాళ్ళు ఇప్పటికీ అనుకుంటుంటే నేనేం చేయను?)

సాయంత్రం బస్సులో షావుకారు కాచుక్కూర్చున్నాడు. "ఆయనకు ముందు ఆళ్ళగడ్డలో పనుండెనా?" "అవును." "ఆ పని ఆయన..." అని షావుకారు వేలెత్తాడు. తలుపులోంచి దూకుదామా అని కూడా చూశాను. అప్పుడు టీచరమ్మ వెనక్కి తిరిగి, "ఇంక చాలు, నాకు తల నొస్తాంది. మిగిలింది రేపు" అంది. అంతవరకు ఏ రోజూ ఆమెకు తలనొప్పి రాలేదు. నావైపు ఒక్క క్షణం చూసి కిటికీలోకి తిరిగింది.

నంద్యాలలో దిగేసరికి ఇంకా వెలుగుంది. టికెట్టన్న తన సైకిల్ మా నాయన షాపులోనే పెట్టేవాడు. నేను కాళ్ళీడ్చుకుంటూ పోయేటప్పటికి ఆయన సైకిల్ తీసుకొని పోతున్నాడు. నాయన నీళ్ళ తొట్టి ముందు కూర్చొని ట్యూబు ముంచి, బుడగ ఎక్కడొస్తుందా అని కొంచెం కొంచెం జరుపుతున్నాడు.

"కూసో" అన్నాడు తలెత్తకుండా. "టికెట్టన్న మీ బస్సులో ఏదో ఆట అని చెప్పిపోయె. నువ్వే పెట్టినావంట. అవును, కాదు, అంతేనా చెప్పాల్సింది?"

"సంబంధం లేదు అని గూడా చెప్పొచ్చు నాయనా."

"అది మనకొద్దులే." ట్యూబు ఒక జానెడు జరిపాడు. "మూడు దినాల్నుంచి మీయమ్మ నీ చొక్కా నానేస్తే నీళ్ళు తెల్లగా కావడం ల్యాదంట. రాతిపొడి యాడికి పోయిందని అడుగుతాంది. సరే, అది ఇడువు. ఆయప్పకు నాయన ఉండాడా?"

తొట్టిలో నీళ్ళు కదలడం లేదు. "అవును" అన్నాను.

"నాయన కొడతాడని భయమా?"

"కాదు."

"మామ దగ్గరికి పంపుతాడనా?"

ఇక్కడ అవునని తప్పించుకోవచ్చు. మామ అంటే భయం లేదా, ఉంది. కానీ అది కాదు. "కాదు" అన్నాను.

ఇంకో జానెడు జరిపాడు. "నాయన ఇంగొకరిని బతిమాలుకున్న్యాడే, ఆ మొగం చూడలేకనా?"

ఆ ఆటలో మొదటిసారి తల మాత్రం ఊపాను. నాయన ట్యూబు పైకి తీసి, తుడిచి, పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు. "ప్యాచీ రేపేస్తాలే. రేపు షాపు తెరవను. ఆ ఏడున్నర బస్సుకు నేనూ వస్తా" అన్నాడు.

శుక్రవారం బస్సులో నా పక్కన నాయన. ఎక్కీ ఎక్కకముందే షావుకారు, "జవాబు చెప్పు బడాయప్పా, నా వల్ల కాదు, ఒప్పుకుంటాండా" అన్నాడు. "ఆ మనిషి నేనే. నా పని పోయింది" అన్నాను. షావుకారు కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "ఆట లోపల చెప్తాండావా, బయట చెప్తాండావా?" "లోపలే" అన్నాను. "ఛ! ఇంతేనా? నేను రహస్యం పోలీసనుకుంటిని" అని ఉసూరుమన్నాడు. టీచరమ్మ మాత్రం సంచిలోంచి రెండు అరటిపండ్లు తీసి మా నాయనకిచ్చింది.

పెద్దాచారి నాయనను చూసి నాయన నోరు తెరవకముందే నామీద పడ్డాడు. "వచ్చినావా? ఆ ముగ్గురికి తోడు ఇంకో ముగ్గురు వచ్చిరి. మామూలు కండ్లు చెక్కిస్తానంటే మోసం అంటాండారు. నువ్వు పెట్టిన మెల్ల నువ్వే పోయి తియ్యి!" నాయన నాకేసి చూసి, "ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు. పోయాను. ఉలి జారిందనీ, శాస్త్రం లేదనీ, అంతా నా కోతేననీ ఆ రైతు వాకిట్లో నిలబడి చెప్పాను. ఆయన నవ్వి, నా భుజం తట్టి, "శాస్త్రం అందరికీ తెలీగూడదని దాస్తాండావు గదా. పోనీలే, ఆ ఆరింటికి గూడా అట్లే చెక్కించప్పా" అన్నాడు. నా జీవితంలో నోరు విప్పి చెప్పిన పెద్ద నిజం అలా అయింది. పెద్దాచారి తిట్టుకుంటూ ఆరు మెల్లకన్నులు చెక్కించాడు, నన్ను పనిలో పెట్టుకున్నాడు. నాలుగేళ్ళు చేశాను. ఉయ్యాలవాడ పక్క పోతే వాకిళ్ళ ముందు ఎడమ సింహాలను ఒకసారి గమనించండి.

మొన్న కారు రిపేరుకిచ్చి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. రోడ్డు నున్నగా ఉంది, కుదుపుల్లేవు, బస్సులో అందరూ ఎవరి ఫోనులో వాళ్ళున్నారు. కిటికీ వైపు నుంచి మారి నడవా వైపు, నడవా వైపు నుంచి మారి ముందు సీటుకు వచ్చేసరికి పక్కన తెల్లజుట్టు టీచరమ్మ. రిటైరై చానా ఏళ్ళయిందట. నాయన సంగతి అడిగింది. లేడని చెప్పాను. సంచి ఒళ్ళోకి సర్దుకుంది. తర్వాత పాత గొంతుతో, "బడాయప్పా, ఒక ప్రశ్న. ఆ ఏడున్నర బస్సు ఆయప్పకు ఇప్పుడన్నా కుదురొచ్చిందా?" అంది.

చెప్పడానికి నా దగ్గర ఎన్ని లేవు! ఇల్లు, కారు, తోట, ఊళ్ళో మర్యాద, ఒక్కొక్కదానికీ కొంచెం కోత కలిపితే ఆళ్ళగడ్డ దాకా వచ్చేవి. కానీ ఆమె వేలెత్తి, "మూడు మాటలే" అంది.

"కాదు" అన్నాను. ఆమె నమ్మింది.