దళసరి గుడ్డ అడిగిన పెళ్లికొడుకు

2023 ఏప్రిల్ చివర. రాజమండ్రిలో నా టైలరింగ్ షాపులో పెళ్లిళ్ల పని ముమ్మరంగా ఉంది. పొద్దెక్కితే గోదావరి మీంచి వచ్చే గాలి కూడా ఒంటికి జిగటగా తగిలే రోజులవి. ఒక మధ్యాహ్నం సత్తిబాబు అనే ముప్పై ఏళ్ల కుర్రాడు, పెళ్లి చేసుకోబోయే మేనమామ కూతురు దుర్గతో కలిసి వచ్చాడు. అంతర్వేది వైపు ఊరు, చేపల బోటు మీద పని. మే నెలలో పెళ్లి. రిసెప్షన్‌కి సూటు కావాలన్నాడు.

గుడ్డ బరువును మా పనిలో జీఎస్ఎం అంటాం. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. మూడు వందలు దాటినవి చలి ప్రదేశాలకు. మన డెల్టా ఉక్కకు రెండు వందల యాభై లోపే ఉండాలి. అలాగని బరువొక్కటే చూస్తే కుదరదు. మరీ మెత్తటి పల్చటి గుడ్డ చెమటకు ఒంటికి అతుక్కుపోతుంది. పాలిస్టర్ ఎక్కువ కలిసింది తేలిగ్గానే ఉంటుంది గానీ గాలి ఆడనివ్వదు.

తేలిక రకాలు బల్ల మీద పరిచాను. సత్తిబాబు వాటిని ముట్టుకోలేదు. అలమరలో పైనున్న ముదురు నీలం థాను చూపించాడు.

"అది కుట్టండి మాస్టారూ."

"అది మూడొందల ఇరవై బాబూ. ఢిల్లీలో చలికాలం పెళ్లికని ఒకాయన తెప్పించుకోగా మిగిలింది. మే నెలలో అది తొడుక్కుని అరగంట నిలబడలేవు."

"ఫర్వాలేదండి. దళసరిగానే ఉండాలి."

దుర్గ తల అడ్డంగా ఊపింది.

కొలతలకు తెర లోపలికి తీసుకెళ్లాను. టేపు కుడి భుజం మీద వేయగానే అతని ఒళ్లు బిగుసుకుంది. చొక్కా మీంచే నా వేళ్లకు చర్మం గట్టిగా, మడతలు మడతలుగా తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదండి. రెండేళ్ల కింద బోటులో ఇంజను అంటుకుంది. భుజం, వీపు కాలిపోయాయి. తొడ చర్మం తీసి వేశారు." గొంతు తగ్గించాడు. "పల్చటి గుడ్డయితే ఆ మడతలు పైకి తెలిసిపోతాయండి. స్టేజీ మీద ఊరంతా చూస్తారు. పక్కనున్న దుర్గని చూసి పాపం అనుకుంటారు."

"అక్కడ చెమట పడుతుందా?"

"పట్టదండి. మిగతా ఒళ్లంతా కారిపోద్ది. ఎండలో ఉంటే కళ్లు తిరుగుతాయి. వేడి తగలనివ్వొద్దన్నారు డాక్టరు గారు."

నాకు భయమేసింది. చెమట పట్టని చర్మం చల్లబడే దారి లేదు. ఆ బరువు గుడ్డకు లోపల నిండా లైనింగ్ కూడా వేస్తే మనిషి స్టేజీ మీదే పడిపోతాడు.

తెర అవతల నుంచి దుర్గ గొంతు వినిపించింది.

"మాస్టారూ, ఆసుపత్రిలో కట్లు మార్చినప్పుడల్లా నేను పక్కనే ఉన్నానండి. అన్నీ చూసే చేసుకుంటానన్నాను. నన్నెవరో పాపం అంటారని మా బావ ఉడికిపోవాలా?"

సత్తిబాబు తల దించుకున్నాడు. "అయితే సూటే వద్దులెండి. చొక్కాతో కూర్చుంటాను."

ఆ మాట నాకు నచ్చలేదు. జన్మలో ఒక్కసారి పెళ్లికొడుకయ్యేవాడు, ముచ్చటపడి వచ్చాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి, లోపల్నుంచి ట్రాపికల్ వూల్ తీశాను. ఉన్ని దారాన్ని గట్టిగా మెలితిప్పి, సందులు ఉండేలా నేసిన గుడ్డ అది. బరువు రెండు వందల నలభై.

"ఎండల్లో ఉన్ని ఏంటండి?" అంది దుర్గ.

"ఉన్నంటే స్వెట్టరొక్కటే కాదమ్మా. నోటికి ఆనించి ఊదు."

ఊదింది. అవతల అరచెయ్యి పెట్టిన సత్తిబాబుకి గాలి తగిలింది. ఇద్దరూ నవ్వారు. ఆ గుడ్డ తేలికే గానీ కాస్త గరుకుగా, బిర్రుగా నిలబడుతుంది. తడిసినా ఒంటికి అతుక్కోదు. అందుకే లోపలి మడతలు పైకి తెలియనివ్వదు.

వీపున లైనింగ్ తీసేశాను. కుడి భుజం దగ్గర మాత్రం కుట్టు రాసుకోకుండా మెత్తటి కాటన్ ముక్క వేశాను. మచ్చ లాగేయడం వల్ల ఆ భుజం కొంచెం కిందికి ఉంది. అటువైపు ప్యాడ్ మందం చేసి సరిచేశాను.

ట్రయల్‌కి కావాలనే మిట్టమధ్యాహ్నం రమ్మన్నాను. కోటు తొడిగి, "సోడా తాగి రండి" అని బయటికి పంపాను. తిరిగొచ్చాక దుర్గ అతని వెనక నిలబడి, కోటు కింద నుంచి చెయ్యి పోనిచ్చి వీపు మీద పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"వేడిగా ఉందా, లేదా? చెప్పవేం?" అన్నాడు సత్తిబాబు.

"ఉండు బావా." రెండో చేత్తో కళ్లు తుడుచుకుంది. "లేదు. బాగానే ఉంది."

అతను అద్దానికి వీపు పెట్టి, మెడ తిప్పి చూసుకున్నాడు. "ఏం తెలియట్లేదండి," అన్నాడు. మళ్లీ చూసుకున్నాడు.

రిసెప్షన్‌కి పిలిస్తే వెళ్లాను. కూలర్లున్నా పందిరంతా ఉక్కే. ఫొటోలు అయ్యేదాకా అతను నిటారుగా నిలబడ్డాడు. భోజనాల దగ్గర మాత్రం కోటు విప్పి దుర్గ చేతికిచ్చాడు. మెడ మీంచి కారిన చెమటకు తడిసిన చొక్కా వీపుకి అంటుకుని, మడతలన్నీ కనిపిస్తున్నాయి. వేడికి తట్టుకోలేక విప్పాడేమో అనుకున్నాను.

దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను. "ఏం బాబూ, ఉక్కగా ఉందా?"

"లేదండి! రొయ్యల ఇగురు పడి మరకవుతుందని విప్పాను. ఆ కోటు మీద చుక్క పడనిస్తానా?" అంటూ పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. చుట్టూ చుట్టాలు తింటున్నారు, అతనూ ఆకలిగా తింటున్నాడు. దుర్గ ఆ కోటు ఒళ్లో పెట్టుకుని, అతనికి ఇంకాస్త ఇగురు వేయమని వడ్డించేవాళ్లని కేకేసింది.

ఇప్పుడు ఎండాకాలంలో దళసరి గుడ్డ అడిగినవాళ్లతో వెంటనే వాదించను. కూర్చోబెట్టి, ఎందుకు కావాలో అడుగుతాను. కొందరు నిజంగానే చలి ఊరికి వెళ్తుంటారు. కొందరికి కారణం చెప్పడానికి కాస్త సమయం పడుతుంది. అందాకా టేపు నా మెడలోనే ఉంచుకుంటాను.