తల్లి పేరు మీద ఒక్క బుక్క

ఆర్మూరులో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ముల దగ్గర పనిచేసేవాళ్లకు తాగడానికి సాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పొద్దంతా మింగిన దుమ్ము కల్లుతోనే గొంతు దిగుతుందట! మా పక్కింటి భూపతి ఆ దుమ్ము దింపుకుంటూ దింపుకుంటూ ఇంట్లో మంచాలు కూడా అమ్మేశాడు. భార్య నాగవ్వ బీడీలు చుట్టి ఇల్లు నెట్టుకొచ్చింది.

2003 ఎండాకాలంలో రెండు రోజులు కల్లు దొరక్క, డ్రమ్ము దగ్గరే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. నిజామాబాద్ తీసుకుపోతే దవాఖానలో చేతులు మంచానికి కట్టేశారు. కల్లులో కలిపే మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోతే ఇట్లాగే అవుతుందని, ఇకమీదట కల్లయినా బ్రాందీ అయినా చుక్క ముట్టకూడదని డాక్టరు చెప్పాడు. గోడమీద పాములు పాకుతున్నాయని భూపతి అరుస్తుంటే, నాగవ్వ ఉత్త గోడను కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక అతణ్ణి నిలబెట్టినవాడు సైకిల్ షాపు యాకోబు. అతడూ ఒకప్పుడు తాగి తాగి మానేసినవాడే. సాయంత్రం పని దిగగానే భూపతిని షాపుకు పిలిచి పంక్చర్లు వేయించేవాడు.

"కల్లు దుకాణం మూసేదాక నా కాడ్నే కూసో. రేపటి ఫికర్ రేపు" అనేవాడు.

అట్లా నాలుగేళ్లు గడిచాయి. నాగవ్వ ముఖంలో నవ్వు కనబడింది. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను.

అంతలో భూపతి తల్లి సాయవ్వ పోయింది. మా దగ్గర దహనం అయ్యాక చుట్టాలకు కల్లు పోస్తారు. కొరివి పెట్టిన కొడుకు ముందు తాగాలి. అతడు తాగకపోతే మిగతావాళ్లు గ్లాసు ముట్టరు. యాకోబుకు ఇది తెలుసు. కల్లు పోసేచోట తాను నిలబడడు కాబట్టి శ్మశానం నుంచే వెళ్లిపోతూ, "నువ్వు గూడ నాతోని రా" అని భూపతిని పిలిచాడు. తల్లిని కాల్చి చుట్టాలను వదిలేసి కొడుకు ఎట్లా పోతాడు?

దొంకేశ్వర్ నుంచి వచ్చిన మేనమామ భోజన్న గ్లాసు నింపి పట్టుకొచ్చాడు.

"నాతోని కాదు మామా. డాక్టర్ వద్దన్నడు."

"డాక్టర్ బ్రాందీ వద్దని ఉంటడు. గిది కల్లేనాయె అల్లుడా! మీ అవ్వ పేరు మీద ఒక్క బుక్క. నువ్వు ముట్టకుంటె గింతమంది ఎండల ఎట్ల కూసుంటరు?"

నాగవ్వ అడ్డం వచ్చింది. "ఆయనకు పొయ్యకురి, మీ కాళ్లు మొక్కుత."

"ఆడిదానివి, నడుమల నీకెందుకు?" అన్నాడు భోజన్న.

భూపతి అందరి ముఖాలూ చూశాడు. కళ్లు మూసుకుని ఒక్క బుక్క మింగాడు. చుట్టాలు హమ్మయ్య అనుకుని తమ గ్లాసులు అందుకున్నారు. వాళ్ల మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ రోజు అతనికి ఏమీ కాలేదు. కొంప ముంచింది అదే. ఒక్క బుక్కకు ఏమీ కాలేదు కదా, ఇంకో బుక్కకు మాత్రం ఏమవుతుంది అనుకున్నాడు. నెల తిరక్కుండా యాకోబు షాపుకు పోవడం మానేశాడు. యాకోబు ఇంటికొచ్చి పిలిస్తే తలుపు వెనక దాక్కున్నాడు. పసుపు సీజన్ వచ్చేసరికి డ్రమ్ము దగ్గర నిలబడలేక పని పోగొట్టుకున్నాడు. "అల్లుడు మల్ల చెడిపోయిండు" అని భోజన్న ఊరంతా చెప్పుకుని బాధపడ్డాడు, పాపం!

మళ్లీ ఫిట్స్, మళ్లీ అదే దవాఖాన. ఈసారి తిరిగొచ్చినవాడు సగం మనిషి. గోడ పట్టుకుని లోపలికి నడిచి, బీడీలు చుడుతున్న నాగవ్వ ఎదురుగా కూలబడ్డాడు.

"మల్ల ఇడుస్త నాగవ్వా. ఈసారి సచ్చినా ముట్ట."

ఆమె కోప్పడలేదు, ఏడవలేదు. చేతిలో ఆకు మడుస్తూనే అంది.

"ఇడిస్తే ఇడువు. నాకు మాత్రం చెప్పకు. మల్లొకసారి నమ్ముడు నాతోని కాదు."