ప్రాగ్‌లో నాన్న పేరు

ఇప్పుడంటే మనిషి కాస్త కనపడకపోతే ఫోన్‌లో చుక్క చూసి ఏ షాపులో ఉన్నాడో కనిపెట్టేస్తున్నాం గానీ, మా చిన్నప్పుడు తప్పిపోయినవాళ్ళు నిజంగానే తప్పిపోయేవారు. మా ఇంట్లో ఎక్కువగా తప్పిపోయేది నాన్న. అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో ఆయన మత్తు డాక్టరు (రోజంతా నిద్రపోయేవాళ్ళ మధ్య గడిపి గడిపి కాబోలు, బయట మేలుకున్న మనిషి దొరికితే వదిలేవారు కాదు). ఆయన్ని వెనక్కి రప్పించడానికి అమ్మ దగ్గర ఒకటే సాధనం, బొడ్లో దోపుకున్న తాళం చెవుల గుత్తి. మొగుడి పేరు నోట పలకని వంశం మాది. పోనీ "ఏవండీ" అందామంటే, తెలుగువాళ్ళ పార్టీలో పదిమంది మగాళ్ళు తిరిగి చూస్తారు. అందుకని ఎవరి బేస్‌మెంట్‌లోనో పేకాట ఎంతకీ తెగకపోతే, అమ్మ మెట్ల మీద నిలబడి గుత్తి గలగలలాడించేది. చాల్లే, ఇంటికి పోదాం రండి అని దానర్థం. నాన్న ముక్కలు కింద పెట్టి లేచేవారు. మాల్‌లోనూ అదే పద్ధతి. అమెరికన్లు తిరిగి చూస్తుంటే, పదకొండేళ్ళ నేను ఆవిడెవరో తెలియనట్టు బెల్టుల స్టాండు వెనక్కి తప్పుకునేదాన్ని.

ఆ ఏడాది, అంటే 1989 చలికాలంలో, నాన్నకి వియన్నాలో కాన్ఫరెన్స్ పడింది. "పక్కనే ప్రాగ్, పిల్లలకి చూపిద్దాం" అని ఎంతో ముందుగా హోటల్ బుక్ చేశారు. తీరా మేం వెళ్ళేసరికి అక్కడి జనం కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దిగిపొమ్మంటూ వీధుల్లో ఉన్నారు. హోటల్లో అందరూ గుసగుసలాడుతున్నారు. నాన్నకి మాత్రం పెళ్ళిభోజనం దొరికినంత సంబరం. "గొడవేం లేదుట, ఊరికే నిలబడుతున్నారుట. చరిత్ర పిల్లలూ, చరిత్ర!" అన్నారు. "చరిత్రకైనా స్వెట్టర్ వేసుకుని రండి" అంది అమ్మ. ఆవిడ మటుకు చీర మీద నాన్న పాత ఓవర్‌కోటు తొడిగి, స్నోబూట్లు వేసుకుని, బొడ్లో గుత్తి దోపుకుంది. అందులో పార్సిప్పనీ ఇంటి తాళం దగ్గర్నించి, విజయవాడలో ఎప్పుడో అమ్మేసిన బీరువా తాళం దాకా ఉన్నాయి. ఇవన్నీ ఇక్కడికెందుకమ్మా అంటే, "ఇల్లు వదిలి వస్తూ తాళాలు ఇంట్లో పెట్టి వస్తారుటే?" అని నన్నే కసిరింది.

ఊరి నడిబొడ్డున పెద్ద కూడలి. ఇసకేస్తే రాలనంత జనం. "ఒక్క ఫోటో తీసుకొస్తా" అని నాన్న అందులోకి దూరారు. మా నలుగురి పాస్‌పోర్టులూ, సాయంత్రం వియన్నా రైలు టికెట్లూ ఆయన జేబులోనే ఉన్నాయి. ఎంతసేపు చూసినా రాలేదు. "నాన్న ఎక్కడ పోయింది?" అని తమ్ముడు రాగం మొదలెట్టాడు (అమెరికాలో పుట్టినవాడు, వాడి తెలుగులో అందరూ ఆడవాళ్ళే). అమ్మ కోటు గుండీలు విప్పి, గుత్తి తీసి గలగలలాడించింది. సరిగ్గా అప్పుడే కూడలి మొత్తం గలగలమంది. వేలమంది చేతులెత్తి తాళం చెవులు ఊపుతున్నారు! అమ్మ తన గుత్తినీ జనాన్నీ మార్చి మార్చి చూసింది. పక్కనున్న కళ్ళద్దాల కాలేజీ అమ్మాయిని నేను ఇంగ్లీషులో అడిగితే, వేళయింది, ఇక ఇంటికి పొమ్మని ప్రభుత్వానికి చెబుతున్నాం అంది. అమ్మకి తెలుగులో చెప్పాను. "నేనూ ఇన్నేళ్ళుగా అదేగా మొత్తుకుంటున్నది!" అంది అమ్మ. ఆ అమ్మాయి గుత్తి సైజు చూసి ముచ్చటపడి అమ్మని వాటేసుకుంది.

అంతా బాగానే ఉంది గానీ, ఆ హోరులో మా గలగల నాన్నకెలా తెలుస్తుంది? పొద్దు వాలిపోతోంది. అమ్మ కళ్ళలో నీళ్ళు చూసి నాకు భయమేసింది. మాల్‌లో పడ్డ సిగ్గంతా ఎటు పోయిందో, "ఇంకా గట్టిగా ఊపమ్మా" అని నేనే బతిమాలాను. ఊపింది. లాభం లేకపోయింది. అప్పుడు గుత్తి నా చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుని (దేవుడికి క్షమాపణే అయ్యుంటుంది), నాన్నని పేరు పెట్టి పిలిచింది. ఇంటిపేరుతో సహా!

ఆ కేకకి ముందు వరసలో మీసాలాయన వెనక్కి తిరిగాడు. ఆ రోజుల్లో అక్కడ పూటకో కొత్త నాయకుడి పేరు వినపడుతోంది, ఇదీ అలాంటిదే అనుకున్నాడేమో, చెయ్యెత్తి తనూ అదే పేరు అరిచాడు. ఆయన పక్కవాళ్ళు అందుకున్నారు. వాళ్ళ పక్కవాళ్ళూ అందుకున్నారు. చూస్తుండగానే కూడలిలో ఓ మూల మూలంతా మా నాన్న పేరు జపించడం మొదలుపెట్టింది. కాసేపటికి జనం చీలి దారిచ్చారు. ఆ దారిలో రెండు చేతులూ పైకెత్తి, ఒక చేతిలో పాస్‌పోర్టులు పట్టుకుని, "ఐ యామ్ ఓన్లీ ఎ డాక్టర్" అనుకుంటూ నాన్న వచ్చారు. పోలీసులు పేరు కనుక్కుని మరీ వెతుకుతున్నారనుకున్నారట. జనం చప్పట్లు కొట్టారు.

"అసలెవరు పిలిచింది?" అన్నారు నాన్న పాస్‌పోర్టులు జేబులో కుక్కుకుంటూ. మేమిద్దరం అమ్మ వైపు చూపించాం. అమ్మ స్నోబూట్లు చూసుకుంటోంది. దారిలో ఎవరితోనూ కబుర్లలో పడకుండా నాన్న మమ్మల్ని నేరుగా స్టేషన్‌కి తీసుకెళ్ళారు. (ఇదీ మా ఇంట్లో మొదటిసారే.) రైలు కదిలాక మెల్లిగా, "ఏదీ, ఇంకోసారి అను" అన్నారు. "పిల్లలున్నారు, ఊరుకోండి" అని అమ్మ కిటికీ వైపు తిరిగింది. కొన్నాళ్ళకి ఆ ప్రభుత్వం నిజంగానే దిగిపోయింది. మా ఇంట్లో మాత్రం మళ్ళీ గుత్తి రాజ్యమే.

ఇప్పుడు వాళ్ళిద్దరూ ఎడిసన్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటున్నారు. నాన్నకి చెవులు మందగించాయి, గుత్తి చప్పుడు వినపడదు. గత్యంతరం లేక అమ్మ పేరు పెట్టే పిలుస్తోంది. మొన్న ఇండియన్ షాపులో నాన్న ఎవరితోనో కబుర్లలో పడితే, పచ్చళ్ళ వరస దగ్గర్నించి గట్టిగా కేకేసింది. అందరూ తిరిగి చూశారు. అలవాటుకొద్దీ నా కాళ్ళు బెల్టుల స్టాండు కోసం వెతుక్కున్నాయి. ఆ పిచ్చిపిల్ల ఇంకా నాలో ఉన్నందుకు నవ్వొచ్చింది. నాన్న నా పక్కనే ఉన్నారు. పిలుపు వినగానే ఆయన మొహం వెలిగిపోవడం నేను చూశాను. అయినా కదల్లేదు.

"నాన్నా, అమ్మ పిలుస్తోంది" అన్నాను.

"ష్... ఇంకోసారి పిలవనీ" అన్నారు.