గుర్రమా, బండా

మా మేనత్త బుర్రకథ చెప్పేది. పంతొమ్మిదివందల డెబ్భైల్లో నేను ఆమె జట్టులో చేరేనాటికే తిరువూరు చుట్టుపక్కల ఆమె గొంతు తెలియని ఊరు లేదు. ఆదివారం పొద్దున చర్చిలో కీర్తన ఎత్తుకునేది. సాయంత్రం ఎ.కొండూరులోనో రెడ్డిగూడెంలోనో తంబురా భుజాన వేసుకుని రాజుల చేత యుద్ధాలు చేయించేది.

బుర్రకథకు ముగ్గురు కావాలి. మధ్యలో కథ చెప్పే మనిషి, అటూ ఇటూ గుమ్మెట వాయిస్తూ "తందాన తాన" అనే వంతలు ఇద్దరు. ఒకవైపు అత్త కూతురు, మా వదిన, బుద్ధిగా వంత పాడేది. రెండోవైపు నేను. నాది హాస్యం. కథకు అడ్డం పడి తెలివితక్కువ ప్రశ్నలు వేయడం నా పని. నోటిదురుసు పుట్టుకతోనే ఉంది కాబట్టి పెద్దగా నేర్చుకోవాల్సింది లేకపోయింది.

వయసు మీద పడ్డాక అత్తకు మరుపు మొదలైంది. గొంతు చెక్కుచెదరలేదు. కథలో తర్వాత ఏం రావాలో మాత్రం ఉన్నట్టుండి పోయేది. మొదటిసారి అది రాజకుమారుడు యుద్ధానికి పోతూ తల్లి దగ్గర సెలవు తీసుకునే ఘట్టంలో జరిగింది. తంబురా మోగుతోంది, అత్త ముందుకూ వెనక్కూ అడుగులేస్తోంది, మాట రావడం లేదు.

"అత్తా, పిల్లోడు గుర్రమెక్కి పోయాడా, ఎద్దుబండెక్కి పోయాడా?" అనేశాను.

జనం నవ్వారు. అత్త గుర్రాన్ని అందుకుని యుద్ధభూమి దాకా ఒక్క ఊపున పాడేసింది.

అప్పట్నుంచీ ఆమె ఎక్కడ ఆగితే అక్కడ నేను ప్రశ్న వేసేదాన్ని. దాని గురించి ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆమెకు మరుపని బయటికి పొక్కితే ఇక ఎవరూ పిలవరు. పాట లేకపోతే మా అత్త ఎలా బతుకుతుందో నేను ఊహించుకోలేకపోయేదాన్ని.

ఒకరోజు విస్సన్నపేట ఉత్సవ కమిటీ పెద్ద మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగుతూ నా ఎదురుగానే అన్నాడు.

"ఈసారి ఈ అమ్మాయిని కాస్త తగ్గించుకోమనండి. మీ గొంతు విందామని వస్తే ఈవిడ వాగుడు వినాల్సొస్తోంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కమాట చెబితే ఆయన నోరు మూతపడేది. అత్త మొహం చూసి మింగేశాను.

"సరేనండి, తగ్గిస్తుంది" అంది అత్త.

ఆయన వెళ్ళాక నావైపు చూడకుండా, "ఈసారికి ఉత్త తాళం వెయ్యవే, చాలు" అంది. నాకు ఏడుపొచ్చింది. నా మీద పడ్డ నింద కంటే, ఆమె ఒంటరిగా నిలబడతానని అనుకోవడం ఎక్కువ భయపెట్టింది.

విస్సన్నపేటలో కథ బాగానే సాగింది. సెలవు తీసుకునే ఘట్టం వచ్చింది. అత్త ఆగింది. నేను పళ్ళు బిగబట్టి గుమ్మెట వాయిస్తూనే ఉన్నాను. ముందు వరసలో కుర్చీలో కమిటీ పెద్ద కూర్చున్నాడు. ఆమె ఒకసారి ముందుకు వెళ్ళి వచ్చింది, మళ్ళీ వెళ్ళి వచ్చింది. వదిన "తందాన తాన" అని సాగదీస్తోంది.

అత్త తంబురా మీటడం ఆపి నావైపు తిరిగింది.

"ఏమే, నా పిల్లోడు ఎందులో పోయాడే? నువ్వడక్కపోతే నాకు తెలవడంలేదే" అంది, అందరికీ వినపడేలా.

జనం పగలబడి నవ్వారు. కమిటీ పెద్ద తొడ చరుచుకుని మరీ నవ్వాడు. నేను గుమ్మెట మీద ఒక దరువు వేశాను.

"గుర్రమెక్కి పోయాడత్తా" అన్నాను.

ఆమె అందుకుంది. ఆ తర్వాత ఆమె పాడినన్నాళ్ళూ నేను అడగాల్సిన పని లేకపోయింది, మరిచిపోయిన చోటల్లా నావైపు తిరిగి ఆమే అడిగేది. జనం దాన్ని హాస్యమే అనుకున్నారు. ఆమె పాట మానేసేదాకా అలాగే అనుకున్నారు.