చెప్పుల కాడ రామ్‌దాస్

మా తాత రామ్‌దాస్ గుడి దాకా వస్తాడు గానీ గుడిలోకి రాడు. బాసరకు పోయినా, నిజామాబాద్‌లో ఏ వీధి గుడికి పోయినా, ఇంట్లో అందరి చెప్పులూ ఆయన ముందు పడతాయి. వాటి మధ్యలో ఒక గట్టు చూసుకుని కూర్చుంటాడు. ప్రసాదం బయటికే నడిచి వస్తుంది. నాస్తికుడేమో అని కొత్త అల్లుళ్లు అనుమానపడతారు. నాస్తికుడైతే ఇంట్లోనే కాళ్లు చాపుకుని రేడియో వినేవాడు కదా. ఆయన సంగతి వేరు. అది మొదలైంది ఆయన భవనాల చదువు చదివే రోజుల్లో.

కోటగిరి పక్కన, కాలువ కింద, చిన్న ఊరు వాళ్లది. తండ్రి నర్సన్న చెరుకు పండించేవాడు. సీజన్ వస్తే బండి కట్టి బోధన్ ఫ్యాక్టరీకి తోలేవాడు. రామ్‌దాస్‌కు మాత్రం చెరుకు పని ఒంటబట్టలేదు. ఆకు కోసుకుంటుందని ఒకసారి తల నిండా దుప్పటి కప్పుకుని పొలానికి పోతే, పక్కింటి పెంటవ్వ చూసి, "నర్సన్నా, పెండ్లిపిల్లను పొలంలకు తోలుకొస్తివేంది?" అన్నదట. చేతకాని పని నుంచి తప్పించుకోవడానికి ఆయన మహా శ్రద్ధగా చదివాడు. బొమ్మలు గీసే చెయ్యి కూడా ఉండేది. బోధన్‌లో బడి అయ్యాక హైదరాబాద్‌లో సీటు వచ్చింది. ఊళ్లో దాన్ని మేస్త్రి చదువు అన్నారు. మేస్త్రి కావడానికి హైదరాబాద్ ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

1967లో ఆయన క్లాసు పిల్లలందరినీ నేపాల్ తీసుకుపోతామన్నారు, అక్కడి పాత కట్టడాలు చూపించడానికి. రామ్‌దాస్ ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాడు.

"ఏం సూడనీకె?" అన్నాడు నర్సన్న.

"ఇండ్లు బాపు. పాత ఇండ్లు, గుళ్లు. కట్టెతోని ఎట్ల కట్టిండ్రు, ఇటుకతోని ఎట్ల కట్టిండ్రు, గవన్ని సూసి గీసుకోవాలె."

"పాత ఇల్లు సూడనీకె దేశం దాటాల్నారా? మనదే కూలనీకె వచ్చింది. గీసుకో."

చిక్కు విప్పింది పెంటవ్వే. గోడ మీదుగా తల పెట్టి, "నేపాల్ల పశుపతినాథుడు ఉంటడు. పిలగాడు యాత్రకు పోతుండు. సెప్పనీకె సిగ్గయి సదువు అంటుండు" అని తీర్పు ఇచ్చింది. అంతటితో అది చదువు కాకుండా పోయింది.

ఆ ఊళ్లో యాత్రకు ఒకరు పోతే ఊరంతా పోయినట్టే. పోలేని వాళ్లు తమ పేర్లను పోయేవాడికి అప్పజెబుతారు. వాడు దేవుడి ముందు నిలబడి ఒక్కొక్క పేరూ గట్టిగా పిలిచి, ఆ పేరు మీద ఒక దండం పెట్టాలి. మనసులో అనుకుంటే చెల్లదు. దేవుడికీ వినబడాలి, పక్కన నిలబడ్డవాడికీ వినబడాలి. ఆ వారమంతా రామ్‌దాస్ గడప దాటితే చాలు, ఎవరో ఒకరు ఎదురొచ్చి తమ పేరు చెప్పేవాళ్లు, పుట్టినప్పటి నుంచీ ఎరిగిన వాడికి కొత్తగా పరిచయం చేసుకుంటున్నట్టు. కాశయ్య అయితే తన కోడె మీద కూడా ఒక దండం పెట్టమన్నాడు.

"దాని పేరేంది కాశన్నా?"

"పేరెక్కడిది? కాశయ్య కోడె అను. దేవునికి ఎరుకనే."

తల్లి భూమవ్వ మాత్రం చివరి దాకా ఏమీ అడగలేదు. బయలుదేరే రోజు పొద్దున దారిలో తినడానికి బెల్లం మలీద ముద్దలు గుడ్డలో మూట కడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"నీకంటె ముందు ఒక ఆడపిల్ల పుట్టింది, ఎరుకేనా?"

రామ్‌దాస్‌కు తెలుసు. తొట్టెల వెయ్యకముందే పోయిందని ఎవరో అనగా విన్నాడు.

"తొట్టెల వేస్తెనే గద పేరు పెట్టేది. దానికి పేరు లేకపాయె. పెత్రమాసకు పోయినోళ్లందరి పేరు మీద బియ్యం ఇస్త, దాన్ని ఏమని తలుసుకోవాల్నో తెల్వది. నువ్వు సదువుకున్నోడివి. మంచి పేరు ఒకటి సూసి, గాడ దేవుని ముంగట పిలిచి రా బిడ్డా. నువ్వు పిలిస్తె గదే దాని పేరు."

"అట్లనే అవ్వ" అన్నాడు రామ్‌దాస్. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అనుకున్నాడు.

హైదరాబాద్ నుంచి వచ్చే బండిని నిజామాబాద్ స్టేషన్లో ఎక్కాలి. క్లాసు పిల్లలంతా ముందే అందులో ఉన్నారు. రామ్‌దాస్ వెనక భూమవ్వ, పెంటవ్వ, కాశయ్య, ఇంకా పది పన్నెండు మంది స్టేషన్‌కు దిగబడ్డారు. మెడలో బంతిపూల దండ వేసి, నుదుటికి చేతి వెడల్పున బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కిటికీల్లోంచి క్లాసు పిల్లలు చూస్తుంటే రామ్‌దాస్ తల దించుకున్నాడు. బండి కదులుతుంటే కిటికీ వెంట నడుస్తూ పెంటవ్వ, "పెంటవ్వ అని పిలువు బిడ్డా, మెల్లగ అనకు, నాకు శెవుడు, దేవునికి గూడ ఉంటదేమో" అని అరిచింది. డబ్బా డబ్బా అంతా విన్నది.

మనోహర్ అని ఒక హైదరాబాద్ పిల్లవాడు, నల్ల కళ్లద్దాలు పెట్టుకునేవాడు, ఆ దండను చూసి చేతులు జోడించి, "స్వామీజీ, మాకు కూడా దీవెన" అన్నాడు. అందరూ నవ్వారు. రామ్‌దాస్ కూడా నవ్వాడు. దండ తీసి సీటు కింద పెట్టాడు. మన్మాడ్‌లో బండి మారేటప్పుడు దాన్ని అక్కడే మరిచిపోయాడు, కావాలనే. స్వామీజీ అనే పేరు మాత్రం రక్సౌల్ దాటి, కొండలెక్కి, ఖాట్మండు దాకా వెంట వచ్చింది. సార్లు కూడా ఒకటి రెండుసార్లు స్వామీజీ అన్నారు.

అక్కడ చూసిన వాటిని ఆయన ఇప్పటికీ కళ్లు మూసుకుని గీస్తాడు. నెమలి పురి విప్పినట్టు చెక్కిన కట్టె కిటికీలు, మెట్లు మెట్లుగా పైకి లేచిన కప్పులు, కప్పును మోసే వాలు కర్రల మీద బొమ్మలు. ఎర్ర ఇటుక చావడిలో అందరూ కూర్చుని గీస్తుంటే, రామ్‌దాస్ గీసింది సార్ ఎత్తి పట్టుకుని అందరికీ చూపించారు. ఆ రోజు ఆయన్ను ఎవరూ స్వామీజీ అనలేదు. అది మహా బాగా అనిపించింది.

మర్నాడు పశుపతినాథుడి గుడి. నది అవతలి గట్టు మీద కూర్చుని పొద్దుటి నుంచి కప్పు గీశారు. తరువాత సార్, లోపలికి పోయేవాళ్లు పోయి రండి, గంటలో బస్సు అన్నారు. రామ్‌దాస్ ఒక్కడే లేచాడు. గుడి ముందు చెప్పులు విడిచే చోటికి వచ్చాడు. అక్కడ నిలబడితే వాకిట్లోంచి కనబడేది పెద్ద నంది వెనక భాగం ఒకటే. ఆ పేర్లన్నీ నోట్లో మెదులుతున్నాయి. వంగి ఒక బూటు లేసు విప్పాడు.

"ఏం స్వామీజీ, పని పడ్డదా దేవునితోని?"

వెనక మనోహర్, ఇంకో ఇద్దరు. వాళ్లూ లోపలికే వస్తున్నారు, చూడ్డానికి. వాళ్లు పక్కన నిలబడి ఉండగా తాను పెంటవ్వా అని పిలవాలి. కాశయ్య కోడె అని పిలవాలి. రామ్‌దాస్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయి, "లేదు, లేసు ఊడింది" అన్నాడు. విప్పిన లేసు మళ్లీ కట్టాడు. కట్టి, బస్సు దగ్గరికి నడిచాడు.

ఊరికి తిరిగి వచ్చేసరికి ఊరి బయటే డప్పు మోగింది. యాత్ర చేసి వచ్చినవాడి కాళ్లు కడగనిదే గడప దాటనివ్వరు. పీట మీద నిలబెట్టారు. పెంటవ్వ నీళ్లు పోస్తుంటే ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "సిగ్గు పడకు పిలగా, నీ కాళ్లు కావివి, దేవుడు తొక్కిన మన్ను" అని ఆమె పట్టి లాగి కడిగింది. కన్నతల్లి కూడా వంగి ఆ నీళ్లు తలకు రాసుకుంది. దేవుడు ఎట్లా ఉన్నాడని అందరూ చుట్టూ చేరారు. రామ్‌దాస్ చూసిందే చెప్పాడు. నంది చాలా పెద్దదని, తోక అయితే ఇంత ఉందని. కాశయ్య ఇంటికి పోయి కోడెకు ఆ కబురు చెప్పాడట.

అందరూ పోయాక భూమవ్వ అడిగింది.

"ఏం పేరు పెట్టినవ్ బిడ్డా?"

ఆయన ఇంకా ఏ పేరూ ఆలోచించలేదు. నోరు తెరిచాడు. బస్సు కిటికీలోంచి చూసిన ఒక ఊరి బోర్డు గుర్తుకొచ్చింది, లలిత్‌పూర్ అని.

"లలిత" అన్నాడు.

భూమవ్వ ఆ పేరును రెండుసార్లు మెల్లగా అనుకుని చూసింది. "మంచిగుంది" అంది. "పెద్దింటి పిల్ల పేరు లెక్కుంది."

ఆ ఏడు పెత్రమాసకు లలిత పేరు మీద బియ్యం ఇచ్చింది. సద్దుల బతుకమ్మ నాడు పెద్ద బతుకమ్మ పక్కన అరచేయంత బతుకమ్మ ఒకటి పేర్చి, అది లలితది అంది. గునుగు పూలు తెచ్చిపెట్టింది రామ్‌దాసే. తెచ్చి, అక్కడ నిలబడలేక దొడ్లోకి పోయాడు. చదువు అయ్యాక నిజామాబాద్‌లో ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ల నమూనాలు గీసే పనికి కుదిరాడు. పెళ్లయింది. కూతురు పుడితే భూమవ్వ ఎత్తుకుని, "లలిత మల్ల వచ్చింది" అంది. ఇంకెవరినీ అడగలేదు. అట్లా మా అమ్మకు ఒక బోర్డు మీది పేరు వచ్చింది. ఆ పేరు పెట్టి పిలవాల్సి వచ్చినప్పుడల్లా తాత ఏదో ముద్దుపేరు వెతుక్కునేవాడు.

1975లో కోటగిరి చుట్టుపక్కల వాళ్లంతా కలిసి యాత్రా బస్సు మాట్లాడారు. కాశీ, అక్కణ్నుంచి పశుపతినాథ్. పెంటవ్వ ముందుండి, "మన రామ్‌దాస్‌కు తొవ్వ ఎరుకే, వాడు రావాలె" అంది. పని ఉందన్నాడు, కడుపులో నొప్పన్నాడు. భూమవ్వ ఒక్క మాటే అంది.

"లలితను పిలిచిన సోటు సూపియ్యి బిడ్డా. ఇంకేం అడగ."

బస్సులో దారి పొడవునా ఆయన సరిగా తినలేదు. కాశీ గుళ్లలో ఏం చూశాడో ఆయనకే తెలియదు. చివరికి అదే నది, అదే కప్పు, అదే వాకిలి. అందరూ చెప్పులు విడిచి, ఆయన వైపు తిరిగారు.

"ఏడ నిలవడ్డవ్ పిలగా?" అంది పెంటవ్వ. "నా పేరు ఏడ పిలిచినవ్? నేను గూడ ఆడనే నిలవడుత."

లోపల ఏముందో ఆయనకు తెలియదు. ఏ మూల చూపించినా చెల్లేదే, కాదనేవాళ్లు లేరు. చెయ్యి పైకి లేవలేదు. కిందికి చూస్తూ, చెప్పుల కుప్పను చూపించాడు.

"ఈడనే."

"ఈడికెళ్లి పిలిస్తె లోపటికి ఇనవడ్డదా? అబ్బో, గట్టి గొంతే" అని పెంటవ్వ మెచ్చుకుని, పేరు పేరునా అందరినీ తోలుకుని లోపలికి పోయింది.

భూమవ్వ పోలేదు. చెప్పులను చూసింది, అక్కడి నుంచి కనబడే నంది వెనక భాగాన్ని చూసింది, కొడుకును చూసింది. నిండు స్టేషన్లో దండ వేస్తుంటేనే తల దించుకున్న కొడుకు. వాడు ఇక్కడ నిలబడి నలుగురిలో గొంతెత్తి పిలిచి ఉండడని ఆమెకు అర్థమైంది. ఎనిమిదేళ్ల బియ్యం, ఎనిమిది బతుకమ్మలు ఆయన కళ్ల ముందు తిరిగాయి. తిడుతుందేమో అని చూశాడు. తిడితే బాగుండనిపించింది.

ఆమె తన చెప్పులు విడిచింది. యాత్ర కోసం ఆయనే కొనిపెట్టిన కొత్త చెప్పులు. వాటిని తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టి, "పైలంగ సూసుకో" అంది. లోపలికి పోయింది.

రామ్‌దాస్ చెప్పుల మధ్య కూర్చున్నాడు. లోపల గంటలు, జనం. కొంతసేపటికి వాటన్నిటి మీదుగా ఒక గొంతు వినబడింది. పొలం గట్టు మీద నిలబడి తనను బువ్వకు పిలిచే గొంతు అది. "లలితా" అని పిలిచింది. పొలంలో పిలిచినట్టే, చివర సాగదీసి. రామ్‌దాస్ లేవబోయాడు. చుట్టూ ఊరందరి చెప్పులూ ఉన్నాయి. మళ్లీ కూర్చున్నాడు.

భూమవ్వ బయటికి వచ్చి ఆయన అరచేతిలో ఇంత ప్రసాదం పెట్టింది. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, ఆయన ముఖం చూడకుండా అంది.

"నీ పేరు గూడ పిలిచిన బిడ్డా. రాలేనోళ్ల పేర్లల్ల."