చీకటి సీనుకి పెట్రోమాక్సు

భయపెట్టే సినిమా ఎలా మొదలవాలో నరసన్నపేట టూరింగ్ టాకీసు యజమానికి తెలిసినంతగా ఈ లోకంలో ఎవరికీ తెలియదు. కనీసం ఆయన అలా అనుకునేవాడు. ఆయన దృష్టిలో సినిమాకి రెండే రోగాలు. బొమ్మ కనిపించకపోవడం ఒకటి, మాట వినిపించకపోవడం రెండోది. రెండింటికీ ఆయన దగ్గర మందు ఉండేది. తెర నల్లబడితే గుంజకి పెట్రోమాక్సు దీపం వేలాడేది. సౌండు ఆగితే గ్రామఫోను మీద దేవుడి పాట తిరిగేది. డేరాలో ఉన్నది ఒకే మిషను, దానికి కరెంటిచ్చే ఇంజను ముసలిది, కాబట్టి ఈ రోగాలు ప్రతి ఆటకీ వచ్చేవి. జనం కూడా అలవాటు పడిపోయారు. చీకటి పడగానే ఈలలు వేయడం, దీపం రాగానే వేరుశెనక్కాయలు ఒలుచుకోవడం, ఇదీ వాళ్ల సినిమా జ్ఞానం.

అరవైల చివరి రోజులవి. నేను విజయనగరంలో బి.ఏ. ఆఖరి ఏడు చదువుతున్నాను. అక్కడి హాల్లో ఒక హత్య సినిమా చూశాను. కథలో పస లేదు. హంతకుడెవరో ఇంటర్వెల్‌కి ముందే మా హాస్టలు వంటవాడు కూడా చెప్పేశాడు. కానీ దాని మొదలు ఉంది చూశారూ, అది వేరు. తెరంతా నలుపు. కాసేపటికి గోడ మీద కిటికీ ఊచల నీడ సన్నగా తేలుతుంది. ఎక్కడో కుళాయి చుక్క చుక్కగా కారుతూంటుంది. సంగీతం లేదు. మేడ మీద ఎవరో నడుస్తున్న చప్పుడు. ఆ అడుగులు ఆగుతాయి, కుళాయి ఆగదు. అగ్గిపుల్ల గీసిన శబ్దం, ఆ వెలుగులో సగం ముఖం, ఒక కన్ను. పుల్ల ఆరిపోతుంది. హాల్లో సోడాలమ్మేవాడు సోడా కొట్టడం మానేసి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. చీకట్నీ చప్పుణ్నీ అలా పేర్చినవాడి పని నేర్చుకోవాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. మద్రాసులో కెమెరా పని నేర్పే బడి ఉందని విన్నాను.

కానీ నాన్న ఒప్పుకోవాలి. నాన్నది వరి వ్యవసాయం, మా ఊరు నరసన్నపేటకి ఎడ్లబండి దూరం. ఆయన మాట లేనిదే మా ఇంట్లో కోడిపెట్ట కూడా గుడ్డు పెట్టడానికి జంకేది. వేసవి సెలవులకి వెళ్లి సంగతి చెప్పాను.

“ఆటలో సదువేటిరా? మనిసి నిలబడతాడు, ఆడు పొటో తీస్తాడు. నేర్సుకోడానికి ఏటున్నాది అందులో?” అన్నాడు.

“ఒక్కపాలి సూడు నాన్నా. మొదలు సూస్తే సాలు, నీకే తెలుస్తాది,” అన్నాను. ఇంటికి వెళ్తే నా నోటికి కూడా మా ఊరి మాటే వచ్చేసేది.

“సూస్తాను. నాకు తెలిస్తే ఎల్దువు. తెలకపోతే మరి ఆ మాట ఎత్తకు.”

నా బతుకంతా ఆ ఒక్క సీను మీద పెట్టాను. అదే సినిమా నరసన్నపేట డేరాకి వచ్చిందని తెలిసి, నాన్నని బండి కట్టించి మొదటాటకి తీసుకెళ్లాను. కుర్చీలో కూర్చోబెట్టాను. మావాళ్లకి మొదటి సీను అంటే చోటు వెతుక్కునే సమయం. గుమ్మం గుడ్డ ఎత్తుతారు, దించుతారు, బయట సోడా దుకాణం వెలుగు తెర మీద పడుతుంది, పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తారు, చుట్టలు ముట్టిస్తారు. ఆడవాళ్ల వైపు మాత్రం చుట్టని తిరగేసి తాగే అడ్డపొగ కాబట్టి నిప్పు నోట్లోనే ఉండిపోయింది. ఆ సినిమాలోని చీకటికి డేరాలో జరిగిన మర్యాద అదొక్కటే.

తెర నల్లబడింది. నేను నాన్న ముఖం వైపు చూశాను. ఊచల నీడ ఇంకా తేలనే లేదు, నేల క్లాసు నుంచి కేక వచ్చింది. “బొమ్మ ఆరిపోనాది. దీపం ఎట్టండ్రా.”

యజమాని ఎంత చురుకైనవాడో ఆ రోజు చూశాను. కుర్చీల్లో పెద్దరైతులున్నారని కాబోలు, ఒక దీపం చాలదనుకుని తెరకి రెండు పక్కలా రెండు వేలాడదీయించాడు. తెర మీది నీడ మాయమై అతుకులు వేసిన తెల్లగుడ్డ మిగిలింది. బయట ఇంజను చప్పుడులో కుళాయి చుక్క ఎటూ వినిపించదు. “సౌండూ లేదురోయ్” అని ఇంకొకడు అరిచాడు. వెంటనే దేవుడి పాట అందుకుంది. ఆ పాటలో హంతకుడి అడుగులు కలిసిపోయాయి.

నేను లేచి నిలబడ్డాను. “దీపాలు తీయించండి, సీనే అలాంటిది,” అని అరిచాను.

యజమాని నా దగ్గరికొచ్చి జాలిగా భుజం తట్టాడు. “కూకో బాబూ. ఫిల్ము పాతది, మేం సరిసేస్తన్నాం కదేటి.”

వెనక నుంచి ఎవరో నన్ను అడ్డం తప్పుకోమన్నారు. అడ్డం తప్పుకుని వాళ్లు చూసిందేమిటో ఆ దేవుడికే తెలియాలి. అగ్గిపుల్ల ఎప్పుడు వెలిగిందో, ఎప్పుడు ఆరిందో తెలియలేదు. పట్టపగలు తోటలో హీరో పాట మొదలయ్యాక యజమాని తన వైద్యం ఫలించినట్టు అందరి వైపూ చూసి దీపాలు దింపించాడు. జనం సంతోషించారు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్న అరుగు మీద అంబలి తాగుతూ నాన్న తీర్పు చెప్పాడు. “తీసినోడికి బుద్ది లేదురా. సీకట్లో తీసీసినాడు. దీపం ఎట్టినోడు నయం. నేర్సుకుంటే ఆడి దగ్గర నేర్సుకో.”

నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని ఆ సీను చెప్పడం మొదలుపెట్టాను. గొంతు తగ్గించాను. ఇత్తడి చెంబు మీద గోటితో చుక్క చుక్కగా కొట్టాను. లేచి, మడమ నేలకి ఆనించి మెల్లగా నడిచి, ఆగిపోయాను. మళ్లీ గోటితో చెంబు. అమ్మ చేటలో బియ్యం ఏరడం మానేసింది. నాన్న చేతిలో గిన్నె నోటి దగ్గరే ఉండిపోయింది. నేను ఉత్తచేత్తో అగ్గిపుల్ల గీశాను.

“ఓలమ్మ,” అంది అమ్మ.

నాన్న మెడ తిప్పి, వెనక చీకటిగా ఉన్న గదిలోకి చూశాడు. ఎండ వీధంతా పరుచుకుని ఉంది, ఆయన చేతి మీద రోమాలు లేచాయి. గెలిచాననుకున్నాను.

“బయ్యమేసిందిరా, నిజిమే సెప్తన్నాను,” అన్నాడు. గిన్నె కింద పెట్టాడు. “తెర మీద ఏటీ లేదు, నాను సూసేను కదా. లేందాన్ని ఉన్నట్టు సెప్పీసినావు. నువ్వు ప్లీడరీ సదువు.”

అది నా గొప్ప కాదనీ, మద్రాసులో ఎవరో కెమెరాతో, మైకుతో చేసిన పనినే నేను నోటితో చెప్పాననీ వాదించాను. ఎంత బాగా వాదిస్తే ఆయనకి అంత గట్టిగా నమ్మకం కుదిరింది. “అదిగో, సూడు,” అని అమ్మకి నన్ను చూపించాడు.

ఆ ఏడే నన్ను లా చదువుకి పంపారు. శ్రీకాకుళం కోర్టులో జీవితమంతా ప్లీడరీ చేశాను, జరగనివి జరిగినట్టు చెప్పి నెగ్గాను. కొడుకులో ఉన్న తెలివిని తనే కనిపెట్టానని నాన్న పోయేదాకా ఊరంతా చెప్పుకున్నాడు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. సినిమా కెమెరాని నేను ఈ రోజుదాకా దగ్గర నుంచి చూడలేదు.